బయోస్‌లోని ‘ఆటో’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆటో గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. కంప్యూటరు లేవగానే మదర్‌బోర్డు సెట్టింగులు దిద్దుకునే బయోస్‌లో, ‘మీరేం రాయొద్దు, నేనే చూసుకుంటా’ అనే ఎంపిక తమరు. తమ కుశలానికేం లోటు లేదు, బెంగంతా ప్రాసెసర్ గురించే. దాన్ని పుట్టు వేగం దాటి పరిగెత్తించే ఓవర్‌క్లాకింగ్ పని మీద ఈ లేఖ.

2011 నాటి ఇంటెల్ ప్రాసెసర్, కోర్ ఐ5-2500కె. పుట్టు వేగం 3.3 గిగాహెర్ట్జ్. పీ67, జెడ్68, జెడ్77 మదర్‌బోర్డుల మీద కూర్చోబెడితే ఈ వయసులోనూ పరుగు తీస్తుంది. (హెచ్61 బోర్డువాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు, అందులో మల్టిప్లయర్‌ను, అంటే 100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్‌ను ఎన్నింతలు చేయాలో చెప్పే అంకెను, పెంచనివ్వరు.) మల్టిప్లయర్‌ను 33 నుంచి 42కి పెంచి, వోల్టేజీ మీకొదిలేశామనుకోండి. రోడ్డు మీద తిరిగే మీ పేరింటివారికి మీరేం తీసిపోరు, మీటరు ఒకటి చూపిస్తే మీరడిగేది ఇంకొకటి. 1.28 వోల్టులతో నడిచే చిప్‌కు 1.40 దాకా పోసేస్తారు. వేడి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే వేగానికి సుమారు 20 శాతం అదనపు వేడి. మీ బాధ తెలియనిది కాదు: ఏ రెండు చిప్‌లూ ఒకలా ఉండవు, అన్నిటికన్నా నీరసమైనది కూడా లేచి నిలబడాలి. అందుకని నీరసమైనదానికి పట్టే మందు అందరికీ పట్టిస్తారు.

కనుక ఆ ఒక్క వోల్టేజీ గడిలోంచి తమను దించేస్తున్నాం.

ముందు కూలర్. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చిన చిన్న ఫ్యాను ఈ పనికి చాలదు; 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ కావాలి. ఎండి పెంకు కట్టిన పాత థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, శనగగింజంత కొత్తది పెట్టాలి. తర్వాత వోల్టేజీ 1.25 దగ్గర చేత్తో రాసి, మల్టిప్లయర్ రెండేసి చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టుకీ ప్రాసెసర్‌ను చెమటలు పట్టించే ప్రైమ్95 సాఫ్ట్‌వేర్‌లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ పరీక్ష పావుగంట. విండోస్ కూలి వచ్చే నీలితెర మీద 0x124 అనే ఎర్రర్ కనబడితే చాలామట్టుకు వోల్టేజీ చాలలేదనే, 0.01 పెంచాలి. నీలితెర రాకపోయినా విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ‘వీయా’ (WHEA, హార్డ్‌వేర్ తప్పుల) హెచ్చరికలు పడుతుంటే చిప్ లోలోపల తడబడుతోందన్నమాట. లోడు (పూర్తి పనిభారం) మీద 80 డిగ్రీలో, 1.35 వోల్టులో, ఏది ముందొస్తే అక్కడ ఆగాలి. 98 దాకా చిప్ తట్టుకుంటుందనేవారు ఉంటారు. అది వేగం తనంతట తాను తగ్గించుకునే గీత, కాపురం పెట్టే చోటు కాదు. పైగా జనవరిలో 72 చూపిన పెట్టె, గది వేడి 13 డిగ్రీలు పెరిగితే రామగుండం మే నెలలో 85 చూపిస్తుంది. ఫ్యాను మారదు, ఊరు మారదు.

లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్ సంగతి. లోడు పడగానే వోల్టేజీ కాస్త జారుతుంది, ఆ జారుడును ఇది పూడుస్తుంది. పూర్తిగా పెంచేస్తే లోడు దిగిన క్షణంలో వోల్టేజీ రాసిన అంకె దాటి ఎగురుతుంది, ఆ ఎగురుడు సాఫ్ట్‌వేర్ కంటికి ఆనదు. మధ్య మెట్టు చాలు.

బేస్ క్లాక్ 100 మీద చెయ్యి వేయొద్దు. డిస్కులు తగిలించే సాటా, గ్రాఫిక్స్ కార్డు కూర్చునే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దాని తాడుకే కట్టి ఉన్నాయి. 105 దాటిస్తే వేగం సంగతేమో గానీ, హార్డ్‌డిస్కులో ఫైళ్లు చెడిపోవచ్చు. ర్యామ్ మాత్రం ఈ పరీక్షలయ్యేదాకా మీ చేతిలోనే, 1333 వేగంలో ఉండనివ్వండి. రెండూ ఒకేసారి కదిపితే తప్పెవరిదో తేలదు. స్పీడ్‌స్టెప్ అనే సెట్టింగు కూడా ఉంచండి, పని లేనప్పుడు ప్రాసెసర్ 1.6 గిగాహెర్ట్జ్‌కు దిగి కునుకు తీస్తుంది.

తెర అసలు వెలగనే లేదనుకోండి, మళ్లీ మీ దగ్గరికే రావాలి. ప్లగ్గు పీకి, బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ కొన్ని నిమిషాలు తీసి పెడితే మీ రాజ్యం తిరిగొస్తుంది. రావడమే గాక, కొన్ని బోర్డుల్లో సాటా పనిచేసే పద్ధతిని ఏహెచ్‌సీఐ నుంచి పాతదైన ఐడీఈకి మార్చేసి, విండోస్‌ను 0x7బి నీలితెర దగ్గర కూలదోస్తారు. అందుకే తమ సముఖానికి వచ్చే ముందు బయోస్ పేజీలన్నిటినీ ఫోనులో ఫొటోలు తీసుకుని వస్తున్నాం.

ఇట్లు,
మీటరు మీదే ఇస్తామనే ప్రయాణికులు