జెర్సీల డబ్బు గేర్లకి పెట్టండి

సంక్రాంతికి విమానాల్లో ఊరొచ్చే మన సంఘం సభ్యుల కోసం సైకిల్ యాత్ర పెడదామనే ఆలోచన మంచిదే. గోదావరి గట్టున బయల్దేరి, మన్యం కొండలెక్కి, అరకు చూసి, ఊరి బడికి నాలుగు డబ్బులు పోగేసే యాత్ర. కాకపోతే ఇలాంటి వాటికి వేసే లెక్కల కాగితం చూస్తేనే నవ్వొస్తుంది. మొదట జెర్సీలు, తర్వాత ఫ్లెక్సీలు, ఆ తర్వాత డ్రోన్. సైకిళ్ళ దగ్గరికొచ్చేసరికి "ఎవరిది వాళ్ళు చూసుకుంటారు" అని ఒక్క ముక్క. కొండ మీద దెబ్బ కొట్టేది సరిగ్గా అక్కడే.

దారి గురించి పేచీ లేదు. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వైపు పోయే 516ఈ జాతీయ రహదారి ఉంది. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లను వరసగా కొట్టింది కూడా ఈ చుట్టుపక్కలే. వాళ్ళు మూడు రోజుల్లో తిరిగారు కదా అని మనం యాత్రంతా మూడు రోజుల్లో ముగిద్దామంటే కుదరదు. ఆరు రోజులు కావాలి. రంపచోడవరం, రాజవొమ్మంగి, చింతపల్లి, పాడేరు, అరకు, ఆఖరున శృంగవరపుకోట. దూరాలు చూస్తే ఏ రోజూ పెద్దగా అనిపించదు. బలం తినేది దూరం కాదు, ఎత్తు.

డెల్టా మనిషికి ఎత్తు లెక్క తెలియకపోవడం సహజం. ధవళేశ్వరం దిగువన సముద్రం దాకా నేలంతా పళ్ళెంలా పరుచుకుని ఉంటుంది. ముందు పళ్ళ చక్రాలు రెండింటికి 50, 34, వెనక వాటికి 11 నుంచి 28 దాకా పళ్ళున్న రేసు సైకిల్ కోనసీమ కాలవగట్ల మీద రాజాలా పోతుంది. దాన్నే వంద మీటర్లకి ఎనిమిది మీటర్లు లేచే ఘాట్ రోడ్డు మీదకి తీసుకెళ్ళండి. మనిషి, సైకిల్, నీళ్ళు, సామాను కలిపి 85 కిలోలనుకుంటే, ఉన్నవాటిలో తేలికైన గేరులో నిమిషానికి 60 సార్లు తొక్కినా గంటకి 9 కిలోమీటర్లు పోవాలి, అందుకు కాళ్ళు దాదాపు 180 వాట్ల శక్తి ఇవ్వాలి. వారాంతాల్లో తొక్కే నలభై అయిదేళ్ళ మనిషికి గంటసేపు అంత ఇవ్వడం కష్టం. తొక్కుడు నలభైకి పడిపోతుంది, బరువంతా మోకాళ్ళ మీదకొస్తుంది, రెండో మలుపులో దిగి నెట్టుకుంటూ నడుస్తాడు. వెనక 28 తీసి 34 పళ్ళదాకా ఉన్న క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) వేస్తే అదే 60 తొక్కుడుకి గంటకి ఏడున్నర కిలోమీటర్లు, 150 వాట్లు. ఈ 30 వాట్ల తేడా తెచ్చుకోవాలంటే నెలల తరబడి సాధన కావాలి. క్యాసెట్ మార్చడం అరగంట పని.

అరగంటే గాని, గుడ్డిగా చేసేది కాదు. చైనుని ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే వెనక డెరైలర్‌కి, చైను బిగువు పట్టే చెయ్యి (కేజ్) పొట్టిదైతే, అది చాలావరకు 28, మహా అయితే 30 పళ్ళదాకానే పనిచేస్తుంది. 34కి పొడుగు కేజ్ వేయాలి. పాత చైను కూడా చాలదు. అది గమనించకుండా చైనుని ముందు పెద్ద పళ్ళ చక్రం, వెనక పెద్ద పళ్ళ చక్రం మీదికి ఒకేసారి ఎక్కిస్తే అది తీగలా బిగిసి, డెరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ ముక్కని వంచేస్తుంది, ఒక్కోసారి విరిచేస్తుంది. ఆ హ్యాంగర్ ఫ్రేముకొక రకం. రంపచోడవరంలో కాదు కదా, రాజమండ్రిలోనూ మీ ఫ్రేముకి సరిపోయేది దొరుకుతుందని నమ్మకం పెట్టుకోకండి. విమానంలో పెట్టె ఒక్కసారి కింద పడితే వంగేదీ అదే. కాబట్టి డెరైలర్ విప్పి, గుడ్డ చుట్టి ఫ్రేము లోపలివైపు కట్టండి, హ్యాంగర్ ఇంకోటి వెంట తెచ్చుకోండి.

"మాకు కొండల్లేవు, ఎదురుగాలే మా కొండ" అని మనవాళ్ళంటారు. సగం నిజం. గాలిలో ముందువాడి వెనక దాక్కోవచ్చు, వంగి తప్పించుకోవచ్చు, రెండు క్షణాలు కాళ్ళు ఆపినా బండి సాగుతుంది. కొండ మీద ఆ సావకాశం లేదు. అందుకని సాధనకి గాలికి ఎదురుగా, బరువైన గేరులో, సీటు మీంచి లేవకుండా, నిమిషానికి 60 చొప్పున ఇరవై నిమిషాలు ఆపకుండా తొక్కాలి. అలా మూడుసార్లు. వంతెనలు ఎక్కి దిగితే వచ్చేది ఫొటోలే, ఆ ఎత్తు మూడు నిమిషాల్లో అయిపోతుంది. డిసెంబర్లో పల్లె రోడ్ల మీద ధాన్యం ఆరబోసి ఉంటే దాని మీదుగా పోనివ్వకండి. రైతుతో మాట పడటం అటుంచితే, గింజల మీద టైరు గోలీల మీద జారినట్టు జారుతుంది. ధాన్యం ఎత్తేశాక కూడా అంచుకి పెట్టిన రాళ్ళు అక్కడే ఉంటాయి. గడ్డిపరకలు డెరైలర్ చిన్న చక్రాల్లో చుట్టుకుంటాయి, వేలితో లాగకుండా కత్తెరతో కోసి తీయాలి.

ఎక్కడం గురించి ఇంత చెప్పాం గాని, ప్రమాదం ఉండేది దిగడంలో. అరకు, శృంగవరపుకోటల మధ్య ఉన్న అనంతగిరి ఘాట్‌లో సుమారు 900 మీటర్లు దిగేటప్పుడు, మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలైతే, గాలికి పోయేది పోగా మిగతా శక్తంతా బ్రేకుల్లో వేడిగా మారాల్సిందే. మొత్తంగా చూస్తే అది రెండు లీటర్ల పైచిలుకు నీళ్ళని మరిగించే వేడి. బ్రేకు వదలకుండా నొక్కి పట్టుకుని దిగితే బ్రేకు ప్యాడ్లు నున్నబడి పట్టు పోతాయి, నూనెతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకు లీవరు మెత్తబడుతుంది, చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకయితే ట్యూబు పేలొచ్చు. రిమ్ బ్రేకులున్న కార్బన్ చక్రాలు ఈ యాత్రకి వద్దే వద్దు. పద్ధతి ఒకటే: మలుపుకి ముందు రెండు బ్రేకులూ కలిపి రెండు మూడు సెకన్లు గట్టిగా పట్టి, వదిలేసి, మలుపులోకి వెళ్ళాలి. ప్యాడు మందం ఒక మిల్లీమీటరు లోపుంటే బయల్దేరేముందే మార్చేయాలి. హెయిర్‌పిన్ మలుపులో ఎదురొచ్చే బస్సుకి రోడ్డంతా కావాలి, హారన్ వినబడితే ఎడమవైపు ఆగిపోండి.

తిండికి పెద్ద తంటాలేదు. గంటకి 60 గ్రాముల పిండిపదార్థం చాలు, అంటే రెండు మూడు అరటిపళ్ళు లేదా ఖర్జూరాలూ నువ్వుజీడీ కలిపి. పూతరేకులు జేబులో పెట్టుకునే ఉత్సాహవంతులకి మిగిలేది నేతి మరక. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఉంటుంది గాని చెమటలో పోయే ఉప్పుకి అది చాలదు, ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్ళకి ఒకటి వేసుకోవాలి. లంబసింగి దగ్గర పొద్దున్నే మంచు కప్పేస్తుంది, దీపాలున్నా సరే ఎండ వచ్చేదాకా కదలొద్దు.

ఇక కమిటీ చేయాల్సింది: పేరు నమోదు చేసేటప్పుడే ప్రతి సైకిల్ క్యాసెట్, బ్రేకు ప్యాడ్ల ఫొటో అడగండి. 34 లేనివాళ్ళకి జెర్సీ డబ్బుతో మార్పించండి. వెంట వచ్చే వ్యానులో 700x32 సైజు ట్యూబులు తలకి మూడు చొప్పున పెట్టండి, ఎందుకంటే ఊరి సైకిల్ షాపు ట్యూబు లావెక్కువ, దాని వాల్వు మన రిమ్ము రంధ్రంలో దూరదు. టైర్లలో గాలి నింపే సీఓ2 గ్యాసు క్యాట్రిడ్జులు విమానంలో తెచ్చే ఆలోచన మానేసి చేతిపంపు తెచ్చుకోమనండి. రేసు సైకిళ్ళకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకి పెట్టే వేలిగోరంత ఇత్తడి అడాప్టరు అందరి జేబులోనూ ఉండాలి. అది ఉంటే పెట్రోల్ బంకులో స్కూటర్లకి కొట్టే గాలే మనకీ ఎక్కుతుంది.