ఒక క్రియాపదం దిగ్బంధంలో

ఇంగ్లీషులో చుట్టుముట్టడానికి 'సరౌండ్' అనే క్రియ ఉంది. అందులో 'రౌండ్' వినిపిస్తుంది కనుక గుండ్రదనం నుంచే పుట్టిందని నాలాంటి అమాయకులు నమ్ముతూ వచ్చారు. తీరా చూస్తే దాని మూలం లాటిన్ 'ఉండా'. మనకు ఉండ అంటే గుండ్రటిదే. వాళ్లకు మాత్రం అల. 'సరౌండ్' అసలు అర్థం పొంగి ముంచెత్తడం. పక్కనే ఉన్న 'రౌండ్' సావాసంలో పడి, పదిహేడో శతాబ్దం నాటికి చుట్టుముట్టడం నేర్చుకుంది.

ఇంత తడి పునాది ఉన్న పదాన్ని నమ్ముకుని ఫ్యాక్టరీ మేనేజర్‌ను గదిలో నిర్బంధించడం ఎలా? అందుకే దయగల భారతదేశం హిందీ 'ఘేర్నా' నుంచి 'ఘెరావ్' అనే మాట తీసి ఇంగ్లీషుకు దానం చేసింది. దానికి పేరు తెచ్చింది 1967 నాటి పశ్చిమ బెంగాల్. ఐక్య సంఘటన ప్రభుత్వంలో కార్మిక మంత్రి సుబోధ్ బెనర్జీ. ఘెరావ్ జరిగితే పోలీసులు ముందు కార్మిక మంత్రికి విన్నవించి, ఆయన చెప్పాకే కదలాలని సర్క్యులర్ వెలువడింది. మేనేజర్ ఆకలి ఫైలుగా మారిందన్నమాట. కలకత్తా హైకోర్టు అదే ఏడాది ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. కొట్టేస్తూ, మనిషినైనా స్థలాన్నైనా చుట్టుముట్టో, బలవంతంగా ఆక్రమించో దిగ్బంధించడమే ఘెరావ్ అని నిర్వచనం కూడా ఇచ్చింది. నిఘంటుకారుల ఉద్యోగం న్యాయమూర్తులు చేసిపెడితే ఆక్స్‌ఫర్డ్ వాళ్లు తరవాత తీరిగ్గా ఎక్కించుకున్నారు.

ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం దీనికి చివర 'ఈడీ' చేరిస్తే భూతకాలమవుతుంది. (మన నాయకుల్లో కొందరి విషయంలోనూ ఈ సూత్రం పనిచేస్తుందని వినికిడి.)

తెలుగువారి 'ముట్టడి' మాత్రం వ్యాకరణానికే సవాలు. రేపు కలెక్టరేట్ ముట్టడి అని నేడు ప్రకటిస్తారు. తెల్లవారకముందే నాయకుడి ఇంటి చుట్టూ పోలీసులు నిలబడతారు. కలెక్టరేట్ చుట్టూ ఇనుప కంచె, కంచె చుట్టూ బారికేడ్లు, వాటి చుట్టూ మళ్లీ పోలీసులే. గేటు దాకా చేరిన నలుగురినీ వ్యానెక్కిస్తారు. మర్నాడు పత్రికలో 'కలెక్టరేట్ ముట్టడి ఉద్రిక్తం' అనే శీర్షిక. ముట్టడించినది ఎవరు, ముట్టడికి గురైనది ఎవరు? కర్తరి ప్రయోగంగా మొదలైన వాక్యం మధ్యాహ్నానికి కర్మణిలోకి తిరగబడిందని మా తెలుగు మాస్టారైతే ఎర్ర సిరాతో సున్నా చుట్టేవారు.

నాయకుడికి ఆ చింత లేదు. వరండాలో కూర్చుని, తనను చుట్టుముట్టిన కానిస్టేబుళ్లకు టీ పంపిస్తూ, కెమెరా ఎటువైపు ఉందో కనుక్కుంటున్నాడు.