కాగితమూ పోరాటమే
మహాశ్వేతాదేవి ముందు బెంగాలీ నవలా రచయిత్రి, ఆదివాసీల కోసం పని తీరిక వేళల్లో చేసిందనే మాటతో ఏకీభవించలేను. ఆదివాసీ తిరుగుబాటు నాయకుడు బిర్సా ముండా మీద రాసిన నవలకు 1979లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చాక, ఆవిడ 1980 నుంచి తండ్రి నడిపిన ‘బర్తిక’ పత్రిక చేతికి తీసుకుని, దాని పేజీలు రిక్షా కార్మికులకు, రైతుకూలీలకు, ఆదివాసీలకు ఇచ్చేసింది. వాళ్ల బతుకు వాళ్లే రాసుకున్నారు. ఇక పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో శబర్ తెగవాడైన బుధన్ శబర్ కేసు చూడండి. 1998 ఫిబ్రవరిలో అతను కస్టడీలో చనిపోతే పోలీసులు ఆత్మహత్య అన్నారు. ఇలాంటి కేసులు సాధారణంగా ఎక్కడ కూలిపోతాయంటే, శవం దహనమైపోయే దగ్గర. ఆ తర్వాత రెండో పోస్టుమార్టం అసాధ్యం. అందుకే శబర్లు ఒక దిష్టిబొమ్మను దహనం చేసి, అసలు శవాన్ని గుడిసెలోనే పాతిపెట్టి కాపాడారు. ఆవిడ అధ్యక్షురాలిగా ఉన్న ఖేరియా శబర్ల సంఘం కలకత్తా హైకోర్టుకెక్కింది. కోర్టు నష్టపరిహారం ఇమ్మంది, సీబీఐ విచారణకు ఆదేశించింది. శబర్లలాంటి తెగలను పుట్టు నేరస్థులుగా ముద్రవేసిన 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయినా, ‘అలవాటు నేరస్థుల’ చట్టాల రూపంలో అదే అనుమానం మిగిలింది. మన స్టువర్టుపురం ఎరుకలవాళ్లకు ఈ ముద్ర సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. బుధన్ చనిపోయిన 1998లోనే సాహిత్య విమర్శకుడు గణేశ్ దేవి, మరాఠీ రచయిత లక్ష్మణ్ గైక్వాడ్‌లతో కలిసి ఆవిడ విముక్త జాతుల, అంటే ఆ చట్టం ముద్ర నుంచి బయటపడ్డ తెగల, హక్కుల వేదిక పెట్టింది. దీన్ని తీరిక పని అంటారా?