పదిమందీ పోయారు, చింతపండు రాలేదు

పుస్తకం ఎలా ఉందని రచయితే ఎదురుపడి అడిగితే చెప్పడానికి మా విజయనగరంలో మూడు జవాబులు తయారుగా ఉంటాయి. "శైలి బాగుందండీ" అంటే చదవలేదని. "చాలా శ్రమపడ్డారు" అంటే పది పేజీల దగ్గర ఆగిపోయారని. "మీ కలం నుంచి ఇంకా రావాలి" అంటే ఆవిష్కరణ సభలో టిఫిన్ బాగుందని. నేనూ ఈ మూడింటితోనే నెట్టుకొస్తున్నాను. మైకు ముందు ఎవర్నీ నొప్పించను. అసలు అభిప్రాయాలు చీటీల మీద రాసుకుంటాను. ఇంటికొచ్చేవాళ్లలో కవులు ఎక్కువ కాబట్టి పుస్తకం పేరు మాత్రం రాయను. ఒకటి, రెండు అని అంకె వేసి, పక్కన రెండు ముక్కలు. పాత కరెంటు బిల్లుల వెనకవైపు ఇందుకు చాలా అనుకూలం.

ఈ మధ్య చదివినవాటిలో మొదటిది 'కన్యాశుల్కం'. కొత్తగా కాదు, మళ్లీ. ఈ ఊరివాడు అది చదవలేదంటే ఎవరూ నమ్మరు, చదివానంటే ఎవరూ పరీక్ష పెట్టరు. గిరీశం మాట ఒకటి వదిలితే కాలక్షేపం అయిపోతుంది. 1892లో ఇక్కడే తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది. మనం చదివేది మాత్రం గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 నాటి కూర్పు. ఆ పెంచడం దగ్గరే నాకు పేచీ. బొంకులదిబ్బ దగ్గర గిరీశం నోరు విప్పగానే మొదలైన హుషారు, మధురవాణి ఉన్నంతసేపూ తగ్గదు. లుబ్ధావధాన్లు మీద కేసూ, సాక్షులూ, వకీళ్లూ వచ్చాక మాత్రం నాకు ఆవలింత వచ్చింది. ఈ మాట గురజాడవారి ఇంటి ముందు నిలబడి పైకి అనే ధైర్యం నాకు లేదు. అందుకే చీటీ మీద: "1. మొదట్లో రుచి అమోఘం. పోనుపోను సాగుడు. కోర్టు దాకా లాగకుండా ఉండాల్సింది."

రెండోది చాసో, అంటే చాగంటి సోమయాజులు, కథలు. ఈ ఊళ్లోనే బతికిన మనిషి, మాట వృథా చెయ్యడు. 'ఎందుకు పారేస్తాను నాన్నా' కథలో చదువు మానిపించిన పిల్లాణ్ణి తండ్రి చుట్టలు కొనుక్కు రమ్మంటాడు. బడి ముందునుంచి వెళ్లాలి. అంతే కథ. నాలుగు రోజులపాటు ఆ పిల్లాడు నా వెంటే తిరిగాడు. "2. చిన్నవే. కల్తీ లేదు."

మూడోది కారా మాస్టారి, అంటే కాళీపట్నం రామారావుగారి, 'యజ్ఞం'. శ్రీకాకుళం వెళ్లినప్పుడల్లా ఆయన 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయంలోకి ఓసారి తొంగిచూడటం నాకు అలవాటు. ఆయనకి 1995లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన సంపుటిలోదే ఈ కథ. ఒక అప్పు, దాని మీద ఊరి పంచాయితీ. పేజీలకి పేజీలు లెక్కలూ వాదాలే. మధ్యలో విసుగొచ్చిన మాట నిజం. ఆఖరికొచ్చేసరికి ఆ విసుగంతా ఎందుకు పెట్టాడో తెలిసి, ఆ రాత్రి అన్నం సహించలేదు. "3. ఈ అప్పు లెక్క తరాలు మారినా తీరదు. రాత్రి అన్నం దిగలేదు."

నాలుగోది అగాథా క్రిస్టీ 1939లో రాసిన 'అండ్ దెన్ దేర్ వర్ నన్'. ఒక దీవి, దాని మీద పదిమంది, మొదటివాడు గ్లాసులో విషంతో పోతాడు. "4. పదిమందీ పోయారు. విషం ఎవరు కలిపారో చివరిదాకా బయటపడదు. భేష్!"

ఐదోది 'అటామిక్ హ్యాబిట్స్'. మా అల్లుడు బహుమతిగా ఇచ్చాడు, కాబట్టి చదివి తీరాలి. రోజుకి ఒక్క శాతం మెరుగుపడితే ఏడాదికి 37 రెట్లు అవుతామట. కాలిక్యులేటర్ మీద నొక్కి చూశాను, లెక్క కరెక్టే. మనిషే కాలిక్యులేటర్ కాదు. "5. రోజుకి ఒక్క శాతం పెంచితే ఏడాదికి 37 రెట్లు! ఎవరి చెవిలో పువ్వు?"

ఆరోది నీటిపారుదల శాఖలో రిటైరైన మిత్రుడి వచన కవితలు. అచ్చుకి ముందు అభిప్రాయం కావాలని బైండు చేయించి, ముఖచిత్రం కూడా వేయించి ఇచ్చాడు. "6. పైన అట్ట బ్రహ్మాండం. లోపల సరుకు లేదు. సగం నీళ్లు."

ఆదివారం పొద్దున్న ఈ చీటీ బల్ల మీద పెట్టి, పెద్ద చెరువు గట్టు మీద నడవడానికి వెళ్లాను. ముందురోజు మా ఆవిడ చెబుతుంటే నేనే రాసిన సరుకుల చీటీ కూడా అక్కడే ఉంది. అదీ కరెంటు బిల్లే, అదీ నా దస్తూరీయే, అదీ ఒకటి రెండు అంకెలే. కొట్టు కుర్రాడు వచ్చాడు. "బల్ల మీద చీటీ ఉంది, పట్టుకెళ్లు" అని మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది. వాడు పట్టుకెళ్లాడు. తర్వాత కవిమిత్రుడు వచ్చాడు. "చదివేశారండీ, ఏదో రాసి కూడా పెట్టారు" అని మా ఆవిడ మిగిలిన చీటీని పుస్తకంలో పెట్టి భద్రంగా చేతికిచ్చింది.

నేను తిరిగొచ్చేసరికి కొట్టాయన మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఖాతా పుస్తకం, చేతిలో చీటీ. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మాస్టారూ, ఎవరు పోనారు బాబూ?"

"ఎవరు పోవడమేమిటయ్యా?"

"పదిమందని మీరే రాసీసారు కదా. మీ ఇంట్లో ఉన్నదే ఇద్దరు. మరి చుట్టాలేటి? మొన్న పెసరపప్పు మీకే కాదు, వీధంతటికీ ఇచ్చినాను. పొద్దున్నబట్టీ ఆ బస్తా ముట్టుకోలేదు."

నేను నోరు తెరిచేలోగా చీటీ మీద వేలు జరిపాడు. "ఇరవై ఏళ్ల ఖాతా. ఏదైనా ఉంటే పిలిచి అడగాలి గానీ కోర్టేటండీ? 'పోనుపోను సాగుడు' అంటే బెల్లమే కదా? వానాకాలం సాగదేటి మరి? నూనెలో నీళ్లు కలిపితే పొయ్యి మీద చిటపటలాడదా, మీకు తెలీదా? ధర పెంచినానంటే ఒప్పుకుంటాను, 37 రెట్లు ఎక్కడ పెంచినాను, చూపించండి!" అని ఖాతా పుస్తకం నా ముందు తెరిచాడు. రెండో నంబరు దగ్గర మాత్రం గొంతు కాస్త దిగింది. "ఇదొక్కటీ నిజం రాసినారు. చిన్న పేకెట్లలో కల్తీ ఉండదు."

ఇవన్నీ పుస్తకాల మీద అభిప్రాయాలని చెప్పాను. నమ్మలేదు. పుస్తకాలు తెచ్చి వరసగా ముందు పెట్టాను. అగాథా క్రిస్టీ అట్ట చూసి, "ఈ పదిమందేనా?" అన్నాడు. ఔనన్నాక అమ్మయ్య అంటూ కండువాతో మొహం తుడుచుకుని, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, అసలు చీటీ ఎక్కడుందని అడిగాడు.

అసలు చీటీ అప్పటికే గంటస్తంభం దాటిపోయింది. సాయంత్రం కవిగారి ఫోన్. ముందు కాసేపు నిశ్శబ్దం. తర్వాత చాలా మెల్లగా, "మాస్టారూ, మీరింత నిర్మొహమాటంగా రాస్తారనుకోలేదు" అన్నారు.

"ఏ వాక్యమండీ?"

"'చింతపండు అర కిలో, పాతది వద్దు' అన్నారు. నా ప్రతీకలు పాతబడ్డాయనే కదా? 'పోయినసారి పురుగొచ్చింది, చూసి ఇవ్వాలి' అన్నారు. పోయినసారి పుస్తకంలో అచ్చుతప్పులు నిజమే, ఒప్పుకుంటాను. 'ఇంగువ, చిన్న డబ్బా' అన్నారు చూడండి, అక్కడ దెబ్బ తగిలింది. ఇంగువ కట్టిన గుడ్డ అని పూర్తిగా అననందుకు సంతోషం."

చీటీ మారిందని చెబితే ఆరో నంబరు చూపించమంటారు. నేను "అబ్బే, అంతలేసి అర్థాలు..." అని నసిగాను.

"మీరు వినయం చూపించకండి. 'గుడ్డ సబ్బు రెండు' అన్నారు. ఉతికి ఆరేశారన్నమాట! ఒక్క సందేహం. చివర్లో 'అగరొత్తులు' దేనికి? నివాళా, అర్చనా?"

"అర్చనే" అన్నాను. ఇది మాత్రం అబద్ధం కాదు, మా ఇంట్లో అగరొత్తులు పూజకే.

ఆయన ఊపిరి పీల్చుకున్న చప్పుడు ఫోన్లో వినిపించింది. పుస్తకంలోంచి నలభై కవితలు తీసేస్తానన్నారు. ఇన్నేళ్లుగా శ్రమ, శైలి అంటూ ఊరంతా కలిసి తీయించలేనిది, మా ఆవిడ చింతపండు తీయించింది. ఆమెకి చెబితే, "అది సరే, చింతపండు ఏదీ? సాయంత్రం చారు ఎలా పెట్టను?" అంది. పైగా, "గిరీశం కూడా ఇంతే కదా, పూటకూళ్లమ్మకి సంతలో సామాన్లు తెస్తానని ఇరవై రూపాయలు పట్టుకుపోయాడు. మీరు చీటీయే పట్టుకుపోయారు" అంది. మొదటి పేజీ ఆవిడకీ వచ్చు.

కొట్టాయన ఆ రోజు వెళ్తూ వెళ్తూ 'యజ్ఞం' పట్టుకెళ్లాడు, అప్పు లెక్క ఎవరిదో చూస్తానని. వారం తర్వాత తిరిగిచ్చాడు. విమర్శకులు ఎంతో కాలంగా కొట్టుకుంటున్న చోటే ఆయనా ఆగాడు. "అప్పిచ్చినాయనా చితికిపోయినవాడే కద బాబూ. పంచాయితీ లెక్క నేను మళ్లీ కూడినాను, తప్పు నేదు. తప్పు నేకపోతే ఆ పిల్లాడెందుకు పోవాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అగాథా క్రిస్టీ పుస్తకానికి తెలుగు ఉంటే ఇమ్మన్నాడు. నా దగ్గర లేదన్నాక కొట్లో పొట్లాలు కట్టే వేళ నాచేతే కథంతా చెప్పించుకున్నాడు. సగంలో ఆపి హంతకుడు ఎవరో చెప్పమంటే తడుముకోకుండా జడ్జీ పేరు చెప్పాడు.

"ఎలా పట్టావయ్యా?"

"అందరి ఖాతాలూ తెలిసినవాడు ఆయనొక్కడే కదండీ" అని, నా ఖాతాలో చింతపండు అర కిలో రాసుకున్నాడు.