ఔననం, కాదనం, మేక సంగతి మాత్రం అడగొద్దు

ఈమధ్య నాకు ఒళ్ళు మండిస్తున్న మాట ఒకటుంది. "ఔనని అనం, కాదని అనం." బ్రిటిష్ ప్రభుత్వం దీన్నొక సిద్ధాంతంగా పెట్టుకుంది, ఎన్‌సీఎన్‌డీ (నైదర్ కన్ఫర్మ్ నార్ డినై) అని ముద్దుపేరు కూడా పెట్టుకుంది. నార్తర్న్ ఐర్లండ్‌లో మూడు దశాబ్దాలు సాగిన రక్తపాతం గురించి లండన్ పార్లమెంటులో ఎవరు లేచి అడిగినా, నార్తర్న్ ఐర్లండ్ వ్యవహారాల కమిటీలో ఎంపీలు ఎంత మర్యాదగా అడిగినా, ఇన్‌ఫార్మర్ల సంగతి వచ్చేసరికి బండి ఆగేది ఈ స్టేషన్‌లోనే.

ఆ గొడవల్లో 3,500 మందికి పైగా పోయారు. 1998లో గుడ్ ఫ్రైడే ఒప్పందం అయింది, తుపాకులు చల్లబడ్డాయి, బాగుంది. కానీ ఎవరిని ఎవరు చంపారు, చంపుతున్నారని ఎవరికి ముందే తెలుసు అన్న లెక్క మాత్రం ఇంకా తేలలేదు.

స్టేక్‌నైఫ్ అని ఒకడుండేవాడు. అది వాడి మారుపేరు. నార్తర్న్ ఐర్లండ్‌ని బ్రిటన్ నుంచి విడదీయాలని తుపాకులు పట్టిన ఐఆర్‌ఏలో ఇన్‌ఫార్మర్లని ఏరిపారేసే ఒక దళం ఉండేది, జనం దాన్ని నట్టింగ్ స్క్వాడ్ అనేవాళ్ళు, అనుమానం వచ్చినోణ్ణి ఎత్తుకెళ్ళడం, చావబాది ఒప్పుకోలు రికార్డ్ చేయడం, తలలో కాల్చి రోడ్డు పక్కన పడేయడం వాళ్ళ డ్యూటీ. ఆ దళంలో పెద్ద తలకాయే బ్రిటిష్ ఆర్మీకి ఇన్‌ఫార్మర్. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నోణ్ణి చూశాం గానీ, వీడు ఊళ్ళో అందరి భుజాలూ తడిమి చూసే ఉద్యోగం సంపాదించిన దొంగ!

వాడి అసలు పేరు ఫ్రెడ్డీ స్కాపటిచ్చి అని పేపర్లు 2003లోనే అచ్చేసేశాయి. నేను కాదు అన్నాడాయన. ఊరొదిలి వెళ్ళిపోయి 2023లో చచ్చిపోయాడు కూడా. నార్తర్న్ ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో టీ కొట్టు దగ్గర ఎవర్ని అడిగినా చెప్తారు. ప్రభుత్వం మాత్రం చెప్పదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారే, ఇక్కడ గిన్నె ఖాళీ అయింది, పిల్లి చచ్చిపోయింది, కళ్ళు మాత్రం ఇంకా మూసే ఉన్నాయి.

ఈ సిద్ధాంతం ఎంత గొప్పదో అర్థం కావాలంటే మన ఊళ్ళో పెట్టి చూడాలి. ఒకాయన మేక పోయింది. ఎదురింటాయన పెరట్లోంచి మసాలా వాసన ఊరంతా కొడుతోంది. రచ్చబండ దగ్గర పంచాయితీ.

"ఏం బావా, నా మేకని కోశావా?"

"కోశానని అనను బావా, కొయ్యలేదనీ అనను."

"మరి నీ చేతిలో ఉన్న తాడు నా మేకదే కదా?"

"తాళ్ళ మీద మేం వ్యాఖ్యానించం."

"మీసానికి మూలుగ అంటుకునుంది కదయ్యా!"

"అది ఆపరేషన్‌కి సంబంధించిన విషయం."

పెద్దమనిషి గొంతు సవరించుకుని, చెప్పడానికి నీకేంటయ్యా నొప్పి అని అడుగుతాడు. అప్పుడు ఎదురింటాయన లేచి, కండువా సర్దుకుని, ఇవాళ ఈ మేకని నేను తిన్లేదని చెప్పాననుకోండి, రేపు ఇంకో మేక పోయినప్పుడు నోరు మూసుకుంటే అది తిన్నట్టేగా మీరనుకుంటారు, అందుకని ఏ మేక గురించీ ఎప్పుడూ ఏదీ చెప్పకుండా ఉండటమే ఊళ్ళో మేకలన్నిటి క్షేమానికీ మంచిదండీ అంటాడు. (నవ్వకండి, ఆ సిద్ధాంతానికి వాళ్ళు చెప్పే కారణం అక్షరాలా ఇదే.) పెద్దమనుషులు తల పంకించి రిపోర్ట్ రాస్తారు, "ఒకానొక నాలుగు కాళ్ళ జీవి, ఒకానొక గిన్నె" అని. రెండు నెలల్లో జవాబివ్వమని దాన్ని ఎదురింటాయనకే పంపుతారు. పంచాయితీ వారి శ్రమ ఎంతో మెచ్చుకోదగ్గది అని ఆయన జవాబు మొదలుపెడతాడు. మధ్యలో మేక పోయినాయన "అయ్యా, నా మేక..." అంటే, విషయం కోర్టులో ఉంది కూర్చోవయ్యా అంటారు.

నిజం కథ దీనికేం తీసిపోదు. 2016లో ఆపరేషన్ కెనోవా అని జాన్ బౌచర్ అనే పోలీసాఫీసర్ దర్యాప్తు మొదలుపెట్టాడు. దాదాపు 4 కోట్ల పౌండ్లు, తొమ్మిదేళ్ళు. 2025 డిసెంబర్‌లో ఆఖరి రిపోర్ట్ వచ్చింది, ఈ మనిషికి 14 హత్యలు, 15 కిడ్నాప్‌లతో సంబంధం ఉందంది, పేరు బయటపెట్టండి అని ప్రభుత్వాన్ని అడిగింది. అడిగిన ఆ రిపోర్ట్‌లోనే పేరు లేదు, ఎందుకంటే ప్రభుత్వం ఒప్పుకోలేదు. వీడి వల్ల వందల ప్రాణాలు నిలిచాయని ఏళ్ళ తరబడి డప్పు కొట్టారు, తీరా లెక్కేస్తే నిలిచినవి అటూ ఇటూగా పది, పోయినవే బహుశా ఎక్కువ అని 2024లోనే తేలింది. హత్య కుట్ర కేసులో పోలీసులు వెతుకుతున్న టైంలో, ఆ సంగతి తెలిసి కూడా, వీణ్ణి నడిపించే ఆర్మీ హ్యాండ్లర్లు వీణ్ణి మిలిటరీ విమానంలో సెలవులకి తీసుకెళ్ళారట. మనకి తిరుపతి వెళ్ళాలంటే తత్కాల్‌లో కూడా బెర్త్ దొరకదు.

బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ5 వాళ్ళయితే దర్యాప్తు దాదాపు అయిపోయాక 2024లో ఇంకో కొన్ని వందల పేజీలు దొరికాయండీ అంటూ తెచ్చిచ్చారు. కావాలని దాచింది కాదని దాని మీద ఒక రివ్యూ, సారీ కూడా చెప్పారు.

చచ్చాక మర్యాద ఇంకా పెరిగింది. స్కాపటిచ్చి వీలునామా ఎవరూ చూడకూడదని 2025లో లండన్ హైకోర్టు 70 ఏళ్ళకి సీల్ వేసింది. ఇలాంటి సీలు మామూలుగా రాజకుటుంబానికి వేస్తారు, ఎలిజబెత్ రాణి గారి భర్తకి 90 ఏళ్ళు వేశారు. ఆయన తర్వాత ఈయన. సెక్యూరిటీ అంటారు, సరే, మరి ఆయన ఎవరో మీకు తెలీనప్పుడు ఎవరి నుంచి ఎవరికి సెక్యూరిటీ?

ఇక్కణ్ణుంచి నాకు నవ్వు రావట్లేదు. ఆ రోడ్డు పక్కన పడేసిన శవాలకి ఇళ్ళున్నాయి, అమ్మలున్నారు. నీ కొడుకు ద్రోహి అని ముద్ర వేసి పడేశారు, ఇరుగుపొరుగు ముఖం తిప్పుకున్నారు, ఏడవడానికి కూడా తలుపులేసుకోవాల్సి వచ్చింది ఆ ఇళ్ళల్లో. చంపింది ఐఆర్‌ఏ, వాళ్ళ పెద్దలు కూడా ఆ కుటుంబాల ముందుకొచ్చి నోరు విప్పాల్సిన వాళ్ళే, వాళ్ళని నేను వదలట్లేదు. కానీ జీతం తీసుకుని జనాన్ని కాపాడాల్సిన వాళ్ళ టేబుల్ మీదకి ఫలానావాణ్ణి ఎత్తుకెళ్తున్నారు అన్న కబురు వస్తే, ఆపగలిగి కూడా ఆపకుండా ఫైల్లో పెట్టుకుని కూర్చున్నారంటే దానికి సిద్ధాంతం అని పేరేంటి? సిగ్గులేనితనం అనండి. ఇంత చేసి, ఆ హత్యలకి ఒక్కడి మీద కూడా కేసు నడవలేదు. పైగా 2023లో ఒక చట్టం తెచ్చి, తప్పు ఒప్పుకుంటే శిక్ష లేదన్నారు, 2024 మే 1కి పూర్తికాని చావుల విచారణలన్నీ ఆపేశారు. నార్తర్న్ ఐర్లండ్‌లో ఒకరి ముఖం ఒకరు చూసుకోని పార్టీలన్నీ కలిసి వద్దన్న చట్టం అది, ఆ ఐక్యత సాధించినందుకైనా వాళ్ళకి శాంతి బహుమతి ఇవ్వాలి. బెల్‌ఫాస్ట్ కోర్టు ఆ శిక్ష లేకపోవడం అనే ముక్కని కొట్టేసింది. 2025 అక్టోబర్‌లో ఆ చట్టం బదులు మళ్ళీ ఇంకో బిల్లు. ముసలి తల్లులు మళ్ళీ కొత్త ఫారాలు నింపాలి.

మనం ఏమంత గొప్పవాళ్ళమని కాదు. ఎన్‌కౌంటర్ జరిగితే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే అని 2009లో మన హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ చెప్తే, నెల తిరక్కుండా సుప్రీంకోర్టు నుంచి స్టే తెచ్చుకున్న జాతి మనది.

అన్నట్టు ఇంకోటి మర్చిపోయా. చచ్చినోడి పేరు ఒక్కటి దాచడానికి ఇంత కష్టపడుతున్న ఈ వ్యవస్థలోనే, 2023 ఆగస్టులో నార్తర్న్ ఐర్లండ్ పోలీసు శాఖని ఎవరో సమాచార హక్కు కింద ఏ ర్యాంకులో ఎంతమంది ఉన్నారండీ అని అడిగితే, పాపం ఎక్సెల్ షీట్ పంపారు, అందులో దాగున్న ట్యాబ్‌లో మొత్తం 9,483 మంది ఉద్యోగుల ఇంటిపేర్లు, ర్యాంకులు, పనిచేసే చోట్లు ఉన్నాయి. రెండున్నర గంటలు ఇంటర్నెట్‌లో ఊరేగాయి. బతికున్న పోలీసుల పేర్లవి, కారు కింద బాంబు ఉందేమోనని రోజూ పొద్దున్నే వంగి చూసుకునే వాళ్ళవి. వాళ్ళ విషయంలో ఔననం కాదనం అని ఎవరూ అన్లేదు, 7,50,000 పౌండ్ల ఫైన్ పడింది, చీఫ్ కానిస్టేబుల్, అంటే ఆ పోలీసు శాఖ పెద్ద, ఆయన కుర్చీ కూడా ఆ నెలల్లోనే పోయింది.

కాబట్టి కమిటీలో ఎంపీలకి నేనిచ్చే ఉచిత సలహా, మంత్రుల్ని అడగడం మానేసి, ఇన్‌ఫార్మర్లు ర్యాంకుల వారీగా ఎంతమందండీ అని ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, జవాబు ఎక్సెల్‌లో కావాలని రాయండి, రెండో ట్యాబ్ చూడటం మర్చిపోకండి.