పోయినేటి పంచాంగం

సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు, హనుమకొండలో మా అపార్ట్‌మెంట్ వాళ్లందరినీ డాబా ఎక్కించిన పాపం నాదే. "సాయంత్రం సరిగ్గా 6:52కి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన నెత్తి మీంచి పోతుంది, కాజీపేట దిక్కు చూడండి" అని వాట్సాప్ గ్రూపులో పెట్టాను. లిఫ్టు రిపేరుకు చందా అడిగితే ఉలకని పలకని గ్రూపు, దీనికి మాత్రం నిమిషంలో లేచి కూర్చుంది.

6:40కే డాబా నిండిపోయింది. మంకీ క్యాపులు, ఫ్లాస్కులో చాయ్, పండగకు మిగిలిన సకినాలు. మా అత్తమ్మ ఒక్కతే ఇవేమీ పట్టించుకోకుండా ఓ మూల కూర్చుని, ఎండబెట్టిన మిరపకాయలు సంచిలోకి ఎత్తుతోంది.

జనం దొరికారు కదా అని ఉపన్యాసం అందుకున్నాను. 400 కిలోమీటర్ల ఎత్తు, గంటకు 28 వేల కిలోమీటర్ల వేగం, గంటన్నరకో ప్రదక్షిణ. మనకు చీకటి పడినా అంత ఎత్తున ఇంకా ఎండే. ఆ ఎండకే మెరుస్తుంది తప్ప మిణుకు మిణుకుమనదు. ఈ చివరి ముక్క ఎవరూ వినలేదని తర్వాత తెలిసింది.

"రైలైతే టేషన్ల అనౌన్స్ చేస్తరు. దీని టైము మీకెవరు చెప్పిన్రు సార్?" అన్నారు మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ రైల్వే గార్డు గారు.

అడగడమే ఆలస్యం. అమెరికా స్పేస్ ఫోర్స్ లెక్కగట్టే కక్ష్యల వివరాలు ఎవరికైనా ఉచితమని, కెల్సో అనే ఆయన 1985లో మొదలుపెట్టి, ఇప్పుడు వెబ్‌సైటుగా నడుస్తున్న సెలెస్ట్రాక్‌లో అయితే ఖాతా కూడా అక్కర్లేదని చెప్పాను. ఫోన్‌లో కేంద్రం కక్ష్యను చెప్పే రెండు లైన్లూ చూపించాను, నా యాప్ టైము లెక్కగట్టేది వీటితోనే. లైనుకు 69 అక్షరాలు, మొదట్లో కేంద్రం నంబరు 25544. "జాతక చక్రం లాంటిదండీ!" ఆయన కళ్లజోడు సవరించుకుని, నన్నూ ఫోన్‌నూ మార్చి మార్చి చూశారు.

6:52 అయింది. ఆకాశంలో ఏమీ లేదు. 6:53కి "అగో! అగో!" అని పిల్లలు ఎగిరారు. కాజీపేట దిక్కు నుంచి ఎర్ర లైటు టపటపా కొట్టుకుంటూ ఓ విమానం వస్తోంది. చప్పట్లు, ఈలలు, వీడియోలు. ఒకావిడ దండం కూడా పెట్టుకుంది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో గార్డు గారు నా చేయి పట్టుకుని ఊపేస్తూ, "ఒక్క నిమిషమే లేటు. శభాష్!" అన్నారు. తెరిచిన నోట్లో సకినం పెట్టుకున్నాను.

6:56కి డాబా ఖాళీ. 6:57కి వచ్చింది అసలుది. తెల్లగా, నింపాదిగా, చడీచప్పుడు లేకుండా.

"గిదేంది బిడ్డా, గంత మెరుసుకుంట పోతుంది?" అంది అత్తమ్మ, చేతిలో మిరపకాయతో.

పిట్టగోడ మీంచి వంగి అరిచాను. "ఒక్కసారి చూసినం గద సార్, ఇగ అన్నం తినుండ్రి!" అని కింది నుంచి గార్డు గారి జవాబు.

ఫోన్ తీసి ఆ లైన్లలో తేదీ వెతికాను. ఏడాదిలో 360వ రోజు. అంటే డిసెంబర్ ఆఖరి వారం! డేటా ఆదా చేద్దామని ఆటో అప్‌డేట్ ఆపేసింది నేనే. పొద్దున్నే గ్రూపులో వచ్చే గులాబీ పువ్వులో వెయ్యో వంతు కూడా ఉండవు ఆ రెండు లైన్లు. పైన మిగిలిన పలుచని గాలి రాపిడికి కేంద్రం కాస్త కాస్త కిందికి జారుతుంటుంది, అప్పుడప్పుడు ఇంజన్లు మండించి పైకి తోస్తారు. ఎత్తు పెరిగితే చుట్టు పెద్దదై, ఒక్కో చుట్టుకు సెకనో అర సెకనో ఎక్కువ పడుతుంది. రోజుకు 15 చుట్లకు పైనే కదా, రెండు మూడు వారాల్లో సెకన్లు కాస్తా నిమిషాలవుతాయి. ఈ మధ్యలో ఎప్పుడో తోసే ఉంటారు.

ఇదంతా అత్తమ్మకు విప్పి చెప్పాను. ఆమె సంచి మూతి ముడివేస్తూ, "అంటే పోయినేటి పంచాంగం జూసి ముహూర్తం పెట్టినవన్నట్టు" అంది.

కిందికి దిగేసరికి గ్రూపులో విమానం వీడియో తిరుగుతోంది. 'మన డాబా మీంచి స్పేస్ స్టేషన్, సారుకు థ్యాంక్స్' అని గార్డు గారు రాశారు. ఎర్ర లైటు స్పష్టంగా కనబడుతోంది. నేనూ ఓ లైక్ కొట్టాను.