ఎక్కువ చోట్ల పంచితే ఎక్కువ భద్రమా?

తిరుపతి ఇంజనీరింగ్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. డేటాను ఎన్ని ఎక్కువ సర్వర్లకు సమానంగా పంచితే అంత భద్రమని, ఎరేజర్ కోడింగ్ (కొన్ని ముక్కలు పోయినా మిగిలినవాటితో మూలం తిరిగి వచ్చేలా అదనపు ముక్కలు కలిపి దాచే పద్ధతి) వచ్చాక పూర్తి కాపీలు దాచడం దండగని, సర్వర్లు వేరువేరైతే చాలు, ఎక్కడున్నా ఒకటేనని దాని సారాంశం. ప్రాజెక్టులు చేసే పిల్లలు దీన్ని సూత్రంలా రాసుకుంటున్నారు కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

మొదటి మాటను లెక్క వేసి చూద్దాం. 300 జీబీ సమాచారం ఉంది, దాచడానికి మొత్తం 700 జీబీ చోటుంది. తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట, శ్రీకాళహస్తి, చిత్తూరుల్లో ఒక్కో సర్వర్ ఉంది; అడిగిన వేళ ఒక్కొక్కటి పలికే అవకాశం మూడింట రెండు వంతులు. చేతికందిన ముక్కలు కలిపి 300 జీబీ అయితే చాలు, మూలం తిరిగి వచ్చేలా కోడ్ చేశాం అనుకుందాం. (1960లో గణితవేత్తలు రీడ్, సాలమన్ ప్రతిపాదించిన కోడ్‌లు ఇటువంటి పనికి నేటికీ వాడుకలో ఉన్నాయి.) సందేశం చెప్పినట్టు తలా 140 జీబీ పంచితే, రెండు ముక్కలకు 280 జీబీయే వస్తుంది కనుక కనీసం మూడు సర్వర్లు పలకాలి, అందుకు అవకాశం 79 శాతం. అదే రెండు చోట్ల మాత్రమే పూర్తి కాపీలు పెడితే, 100 జీబీ చోటు మిగిలిపోయినా, అవకాశం 89 శాతం. రెండు సర్వర్లకు 200 చొప్పున, మిగతా మూడింటికి 100 చొప్పున ఇస్తే 90.5 శాతం దాకా వెళుతుంది. అంటే సమానంగా పంచడమే మేలన్న మాట కూడా నిలవదు.

సర్వర్లు 99 శాతం నమ్మకమైనవైతే సమాన పంపకమే రెండు కాపీలను దాటిపోతుందని ఒప్పుకోవాలి; కాపీల పద్ధతిలో పదివేలకు ఒకసారి దెబ్బతింటే, ఇందులో లక్షకు ఒకసారి మాత్రమే. కానీ 200, 100 పంపకం అక్కడా సమాన పంపకం కంటే మూడు రెట్లు మెరుగు.

రెండో మాటలో సగం నిజముంది. పెద్ద సమాచారాన్ని అనేక కంప్యూటర్లలో దాచే హడూప్ అనే సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా మూడు కాపీలకు మూడింతల చోటు పట్టి, రెండు నష్టాలను తట్టుకుంటుంది. 2017లో వచ్చిన హడూప్ 3లోని ఎరేజర్ కోడింగ్, అంటే ఆరు డేటా ముక్కలకు మూడు పారిటీ (వాటి నుంచి లెక్కగట్టిన అదనపు) ముక్కలు చేర్చే పద్ధతి, ఒకటిన్నర రెట్ల చోటులోనే మూడు నష్టాలను తట్టుకుంటుంది. అయితే పోయిన ఒక్క 128 ఎంబీ ముక్కను తిరిగి కట్టడానికి ఆరు ముక్కలు, అంటే 768 ఎంబీ నెట్‌వర్క్ మీద చదవాలి. కాపీ అయితే 128 ఎంబీ చాలు. తరచూ చదివే, తరచూ పాడయ్యే చోట ఈ తేడా చిన్నది కాదు.

మూడోదే అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే ఒక సర్వర్ గతికీ మరొకదాని గతికీ సంబంధం లేదనుకున్నప్పుడే నేను పైన వేసిన లెక్క చెల్లుతుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైన రోజులు మనం చూశాం. చంద్రగిరి, తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి అన్నీ స్వర్ణముఖి పరీవాహకంలోవే. చిత్తూరు మాత్రం వేరే నది, నీవా ఒడ్డున ఉంది. స్వర్ణముఖి వైపు నాలుగూ ఒకేసారి మూగబోతే, చిత్తూరులో ఉన్న 140 జీబీ గానీ 200 జీబీ గానీ దేనికీ పనికిరావు. దండగన్న ఆ పూర్తి కాపీ ఒకటి అక్కడ ఉంటే, 300 జీబీ మొత్తం చేతికొస్తుంది.